నిలబడితే దొరకని గోదావరి

పనోరమా పుట్టింది కొండ మీద. ఎడింబరోలో ఉంటున్న చిత్రకారుడు రాబర్ట్ బార్కర్ అక్కడి కాల్టన్ హిల్ నుంచి నలుదిక్కులా కనిపించే నగరాన్ని ఒకే బొమ్మగా దించి, దాన్ని గుండ్రటి గోడకు చుట్టి, చూసేవాళ్లను నడుమ నిలబెట్టే పద్ధతికి 1787లో పేటెంటు తీసుకున్నాడు. ఫొటోగ్రఫీ వచ్చాక కూడా ఈ అలవాటు మారలేదు. ఫెలీచే బియాటో 1858లో ఢిల్లీ పనోరమాను జామా మసీదు మీది నుంచి తీశాడు. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1878లో శాన్‌ఫ్రాన్సిస్కోను కాలిఫోర్నియా స్ట్రీట్ కొండ మీది ఒక భవనం నుంచి 13 పలకలుగా తీసి, వాటిని పక్కపక్కన అతికించాడు. ఈ పని నేర్పే పుస్తకాలు ఈనాటికీ చెప్పే మొదటి పాఠం ఒకటే: ఎత్తయిన చోటు చూసుకో, స్టాండు కదలనివ్వకు, కెమెరాను మాత్రమే తిప్పు, ప్రతి ఫొటోలోనూ పక్క ఫొటో భాగం మూడో వంతయినా పడేలా చూడు. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు పరుచుకున్న డెల్టాలో ఈ పాఠం చాలదు. ఇక్కడి విశాల దృశ్యం ఒకచోట నిలబడి చుట్టూ చూసినవాడికి దక్కలేదు. ఏటి వెంట కదులుతూ, ముక్క తర్వాత ముక్క కూర్చుకుంటూ పోయినవాడికే దక్కింది. ఈ ప్రాంతపు దృశ్య చరిత్రను ఆ వరసలో చదివితేనే అర్థమవుతుందన్నది నా వాదన.

ముందు నేల సంగతి. ధవళేశ్వరం దగ్గర మొదలయ్యే డెల్టా సముద్రం దాకా మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున వాలుతుంది. ఆ వాలు నీటికి తెలుస్తుంది కానీ కంటికి తెలియదు. తల భాగంలో ధవళేశ్వరం జనార్దనస్వామి కొండ, ఉత్తరపు అంచున కోరుకొండ నరసింహస్వామి కొండ తప్పిస్తే చెప్పుకోదగ్గ మెట్ట లేదు. ఆ కిందంతా గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలూ, వాటి నడుమ లంకలూ, కాలవలూ, చేలూ. సామర్లకోట, ద్రాక్షారామం గుళ్ల రెండో అంతస్తుకు ఎక్కినా, అంతర్వేది దీపస్తంభం ఎక్కినా దూరానికి కనిపించేది కొబ్బరి తలలే. అరవై డెబ్బై అడుగుల ఎత్తున ఆకులు కలిసిపోయాక వాటి కింద ఉన్న కాలవ, దాని గట్టు, గట్టు మీది ఊరు అన్నీ ఆ పచ్చదనం చాటున పోతాయి. కొండ నుంచి చూసినప్పుడు నగరం విచ్చుకుని కనిపిస్తుంది. కోనసీమ మాత్రం ఎత్తుకు వెళ్లేకొద్దీ మూసుకుంటుంది. కాబట్టి ఎత్తు మీద ఆధారపడిన పనోరమా ఇక్కడ పుట్టకపోవడానికి ఫొటోగ్రాఫర్ల కొరతో, పరికరాల కొరతో మాత్రమే కారణమనుకోవడం సరికాదు. నేల స్వభావమే ఆ పద్ధతికి ఎదురు నిలిచింది.

ఆనకట్ట సంగతే చూడండి. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆ నిర్మాణం ఆ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ గర్వంగా చూపించుకున్న పని. అలాంటిదాన్ని ఒక్క చిత్రంలో చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అది ఒక్క గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. వాటిని కలిపేవి పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. కట్టడం పొడవు దాదాపు 12 వేల అడుగులు. లంకలతో కలిపితే ఒడ్డు నుంచి ఒడ్డుకు నాలుగు మైళ్ల దూరం. ధవళేశ్వరం కొండ మీద నిలబడినవాడికి మొదటి భాగం బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాతి గోడలకు లంకల మీది చెట్లు అడ్డం. ఇంజనీర్లకు ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే వాళ్లు నిలబడి చూడరు. కాలవ వెంట గొలుసు లాగుకుంటూ, లెవెలు పెట్టుకుంటూ నడుస్తారు. ఆ నడకంతా కాగితం మీద పొడవాటి పట్టీగా దిగుతుంది. అదే లాంగ్ సెక్షన్. మైళ్లు అడ్డంగా, అడుగులు నిలువుగా, రెంటికీ వేరు వేరు కొలతలతో గీసిన ఆ పట్టీలో మధ్యబిందువు ఉండదు. ఏ మైలు దగ్గర ఉన్న తూమైనా మిగతా తూములంత స్పష్టంగానే ఉంటుంది. జి.టి. వాల్ష్ 1896లో ఈ డెల్టా పనుల గురించి రాసిన పెద్ద గ్రంథం దాకా డెల్టాను ఇంజనీర్లు అర్థం చేసుకున్నది ఇలా పొడవు వెంట సాగిన చూపుతోనే. డెల్టాకు మొదటి నిజమైన పనోరమాలు ఈ పటాలేనని నేననడంలో అతిశయోక్తి లేదు.

ఈ చూపు ఇంజనీర్లు తెచ్చిపెట్టింది కూడా కాదు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో స్నానంతో మొదలుపెట్టి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నిటా మునుగుతూ, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర ఎంతో కాలంగా ఉన్న ఆచారం. ఏడు పాయల నదిని ఏ ఒక్క చోటి నుంచీ చూడలేమన్నది ఆ యాత్ర ఏర్పడిన తీరులోనే ఉంది. భక్తుడు మొత్తాన్ని చూసేది కాళ్లతో, పడవతో, వరసగా. బొమ్మల్లోనూ మనకు ఇలాంటి సంప్రదాయం ఉంది. తెలంగాణలో చేర్యాల నకాషీలు గీసే పటాన్ని కథకుడు ఒక్కసారిగా పరచడు; పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటాన్ని అంకం తర్వాత అంకంగా విప్పుతూ, చెప్పినంత మేర చుట్టేస్తూ పోతారు. పడమటి దేశాల్లో కూడా నదుల విషయానికొచ్చేసరికి బార్కర్ గుండ్రటి గోడ చాల్లేదు. ఫ్రీడ్రిక్ డెల్కెస్కాంప్ 1825లో రైన్ నదిని మడతలు విప్పే పొడవాటి పటంగా అచ్చువేశాడు. జాన్ బాన్వార్డ్ 1846లో మిసిసిపీ నదిని రెండు కడ్డీల మధ్య తిరిగే కాన్వాసు మీద గీసి, మూడు మైళ్ల బొమ్మ అని ప్రచారం చేసుకున్నాడు. నిజం అందులో చాలా తక్కువే కానీ, అది కదిలే బొమ్మ అన్నది మాత్రం నిజం. గోదావరి ఆనకట్ట పని మొదలుకావడానికి అప్పటికి ఇంకా ఏడాది ఉంది. కొండా నగరమూ ఉన్నచోట తిరిగే చూపు, నది ఉన్నచోట సాగే చూపు. ఇవి రెండు వేరు వంశాలు.

ఫొటోగ్రఫీలో ఈ రెండో వంశానికి తొలినాటి గొప్ప ఉదాహరణల్లో ఒకటి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. అది గోదావరిది కాదు, కావేరి డెల్టాది. అయినా గోదావరికి దూరపు చుట్టం కాదు. కాటన్ ఆనకట్టల విద్య నేర్చుకున్నది ఆ కావేరి పాయ కొళ్లిడం మీదే. ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా ఉన్న లిన్నేయస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయానికి వెళ్లాడు. ఆ గుడి కట్టించిన రాజరాజ చోళుడు, మన రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడికి మాతామహుడు. గుడి విమానం అధిష్ఠానం చుట్టూ శాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిని ఫొటోగా తీయాలి. ఎక్కడో దూరంగా నిలబడి కెమెరా తిప్పితే ఎదురుగా ఉన్న నాలుగు వరసలు చదవొచ్చు, పక్కకు పోయేకొద్దీ అక్షరాలు సన్నబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. శాసనం చదవాలంటే ప్రతి అక్షరానికీ ఎదురుగా నిలబడాలి. అంటే కెమెరాయే గోడ వెంట జరగాలి. ట్రైప్ మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌ల మీద 21 ఫొటోలు తీసి, ప్రింట్లను వరసగా అతికించాడు. మొత్తం పొడవు 19 అడుగులకు పైనే. అతికిన చోట్లు కనిపిస్తూనే ఉంటాయి. అందమైన దృశ్యం కావాలని చేసిన పని కాదది, చదవడానికి చేసిన పని. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ ఖర్చు ఎక్కువని ట్రైప్ శాఖనే మూయించాడు. ట్రైప్ తన ప్రెసిడెన్సీ యాత్రలో ఉత్తరాన గోదావరి దాకా రాలేదు. ఆనకట్ట పూర్తయి ఆరేళ్లే అయిన రోజుల్లో, ఆ 21 కాగితాల పద్ధతి తెలిసిన మనిషి ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా ఒక వరస తీసి ఉంటే ఈ రోజు మన దగ్గర ఏముండేదో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

తిరిగే కెమెరాకూ కదిలే కెమెరాకూ తేడా ఎంత ఉంటుందో రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవ్‌లాక్ వంతెన చెబుతుంది. 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో రైళ్లకు తెరుచుకున్న ఈ వంతెనను ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్విల్ వాల్టన్ కట్టించాడు. 56 స్పాన్లు, ఒక్కొక్కటి 150 అడుగులు, మొత్తం రెండు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లకు పైబడిన తిన్నని గీత. వేసవిలో నీరు తగ్గాక నది నడుమ ఇసుకమేట మీద, వంతెనకు కాస్త దిగువగా స్టాండు పెట్టి, ఎడమ నుంచి కుడికి కెమెరా తిప్పుతూ తీసి, కంప్యూటర్లో కలిపారనుకోండి. నేరుగా ఎదురుగా ఉన్న స్పాను ఫొటోలో ఎంత వెడల్పు ఉంటుందో, అరవై డిగ్రీలు పక్కకున్న స్పాను అందులో నాలుగో వంతే ఉంటుంది. ఎత్తు సగానికి పడిపోతుంది. నడుమ ఉబ్బి, రెండు పక్కలా దిగజారి, తిన్నని వంతెన వంచిన విల్లు అవుతుంది. దిగువన నీటి అంచు దానికి ఎదురుదిక్కుగా వంగుతుంది. ఫలితం చూడ్డానికి బాగుంటుంది, కానీ అందులో గోదావరి ఏదో అఖాతంలా కనిపిస్తుంది, ప్రవాహం దిశే తెలియదు. ఇది కెమెరా తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ తప్పూ కాదు. ఒక మనిషి ఒకచోట నిలబడితే ప్రపంచం అతని చుట్టూ వంగక తప్పదు. ఆ ఫొటో నిలబడ్డ మనిషి గురించి నిజం చెబుతుంది. 56 స్పాన్లూ సమానమన్న నిజం మాత్రం అందులో ఉండదు. ఆ నిజం 1900 నుంచి వంతెన మీద కిటికీ పక్కన కూర్చుని దాటిన ప్రయాణికుడికి తెలుసు: ఒక్కో గర్డరూ ఒకే లయలో వెనక్కి పోతుంటే కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా నది అతని ముందు పట్టీగా సాగుతుంది.

సినిమావాళ్లు ఈ సంగతి అనుభవంతో కనిపెట్టారు. ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' (1964)లో కథానాయకుడే పడవవాడు. బాపు, రమణల 'అందాల రాముడు' (1973)లో కథ మొత్తం రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే లాంచీ మీద నడుస్తుంది. శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) కూడా అదే దారిన పోతుంది. నలభై ఏళ్ల వ్యవధిలో ముగ్గురు దర్శకులు గోదావరిని చూపించాలనుకున్నప్పుడు కథనే పడవ ఎక్కించారంటే అది కేవలం ఒకరిని చూసి ఇంకొకరు చేసిన పని అనుకోను. నది ఒడ్డున కెమెరా పెడితే దొరికేది నీరు, ఆకాశం, ఎదుటి ఒడ్డున సన్నటి పచ్చగీత. లాంచీ ఎక్కిస్తే గట్టు కదులుతుంది, రేవు తర్వాత రేవు వస్తుంది, పట్టిసీమ దగ్గరవుతుంది, పాపికొండలు దగ్గరకు జరిగి ఏరు కొన్నిచోట్ల రెండు మూడు వందల గజాలకు కుంచించుకుపోతుంది. ఒక చిన్న లెక్క చెప్పాలి. లాంచీ గంటకు 10 కిలోమీటర్లు పోతోందనుకుంటే, సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య గట్టు జరిగేది 12 సెంటీమీటర్లే. ఒడ్డుకు సూటిగా తిప్పి తీసిన అలాంటి షాటు నుంచి ప్రతి ఫ్రేములో నడిమి సన్నపట్టీని మాత్రం కత్తిరించి పక్కపక్కన పేర్చితే గట్టు మొత్తం ఒకే బొమ్మగా వస్తుంది. అంటే పాత సినిమాల రీళ్లలో, ఎవరూ అనుకోకుండా, గోదావరి పనోరమాలు దాగి ఉన్నాయి.

ఇక అతుకుల పని. 2003లో మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో అనేవాళ్లు తయారుచేసిన ఆటోస్టిచ్ నుంచి ఫోనుల్లో పనోరమా మోడ్ దాకా వచ్చిన సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం కెమెరా ఒకచోటే ఉండి తిరిగిందని నమ్మి లెక్క కడతాయి. కెమెరా జరిగితే దగ్గరి వస్తువు ఎక్కువగా, దూరపు వస్తువు తక్కువగా కదులుతుంది. ఆ తేడా అతుకు దగ్గర బయటపడుతుంది. అందుకే కదిలే కెమెరాతో పని కష్టమని అందరూ అంటారు. మామూలు చోట్ల అది నిజం. పెద్ద గోదావరి మీద మాత్రం ఆ కష్టం చాలామటుకు కరిగిపోతుంది. ఎదుటి గట్టు కిలోమీటరున్నరో రెండు కిలోమీటర్లో దూరాన ఉంటే, గట్టు మీది చెట్టుకూ దాని వెనక వంద మీటర్ల లోపలున్న చెట్టుకూ మధ్య తేడా లెక్కలోకి రాదు. నడుమ నీరు తప్ప ఏమీ లేదు కాబట్టి అడ్డొచ్చే దగ్గరి వస్తువూ లేదు. గట్టంతా ఒక చదునైన గోడలా ప్రవర్తిస్తుంది, తంజావూరు అధిష్ఠానం లాగే. అదే కెమెరాతో కాకరపర్రు కాలవలోకో, ఏలూరు కాలవలోకో దిగితే లెక్క తారుమారవుతుంది. గట్టు పాతిక ముప్పై అడుగుల్లో ఉంటుంది, ముందు వరస కొబ్బరిచెట్టు వెనక వరస చెట్టును ప్రతి అడుగుకూ దాటుతుంటుంది. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఒకే చెట్టు రెండుసార్లు వస్తుంది, లేదా మొదలు ఉండి తల లేని చెట్టు వస్తుంది. అక్కడ ఎక్కువ ఫొటోలు తీసి, ఒక్కో దాని నుంచి చాలా సన్నటి పట్టీనే తీసుకోవడం ఒక్కటే మార్గం.

వెలుతురు ఇంకో సమస్య, దీన్ని గోదావరే నిర్ణయిస్తుంది. కొవ్వూరు వైపు గట్టు తూర్పు ముఖంగా ఉంటుంది, దాని మీద ఉదయపు ఎండ పడుతుంది. రాజమండ్రి ఘాట్లు పడమటి ముఖంగా ఉన్నాయి, సాయంత్రం గానీ వాటి మెట్లు స్పష్టంగా రావు. రెండు గట్లనూ ఒకే ప్రయాణంలో తీసినవాడికి ఒక గట్టు బాగా వచ్చి రెండోది నల్లటి గీత అవుతుంది. నీటి విషయానికొస్తే పొద్దు పొడిచే వేళ గాలి లేనప్పుడు తీసిన ముక్కలే కలుస్తాయి. కాస్త గాలి లేచిందా, ఒక ముక్కలో అల, పక్క ముక్కలో నీడ, అతుకు కత్తిగాటులా కనిపిస్తుంది.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. తిరిగే పనోరమా స్థలాన్ని వంచుతుందంటున్నారు సరే, కదిలే పనోరమా కాలాన్ని వంచదా? పోలవరం దగ్గర తెల్లవారుజామున తీసిన గట్టూ, ధవళేశ్వరం దగ్గర మధ్యాహ్నం తీసిన గట్టూ ఒకే బొమ్మలో పక్కపక్కన ఉంటే, ఏ క్షణంలోనూ ఎవరికీ కనిపించని గోదావరిని చూపించినట్టు కాదా? అవును, అలాగే అవుతుంది. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేను. కానీ దానికి జవాబు కదలడం మానేయడం కాదు, కాలాన్ని దాచకపోవడం. మైబ్రిడ్జ్ 13 పలకల నగరం కూడా ఒక్క క్షణానిది కాదు, పలక తర్వాత పలక తీసేసరికి అక్కడా నీడలు జరిగాయి. ఏ పనోరమా అయినా కాలపు అతుకే. తేడా ఏమిటంటే అతుకు చెరిపేస్తే ఆ సంగతి చూసేవాడికి తెలియదు. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ అంచుల్ని ఎంత నునుపుగా కలుపుతుందంటే రెండు వేర్వేరు రోజుల మబ్బులు కూడా ఒకే ఆకాశమైపోతాయి. గోడకు తగిలించుకునే ఫొటోకు అది మంచిదే. నదికి ఆధారంగా నిలవాల్సిన ఫొటోకు మంచిది కాదు. ముక్కలు విడిగా ఉంచి, ఒక్కో ముక్క కింద తేదీ, వేళ, పడవ ఉన్న చోటు రాసి పెడితే, కదిలే పనోరమా కాలాన్ని వంచదు, చదివిస్తుంది.

కళాకారుల వైపు నుంచి వచ్చే మాట వేరు. రాజమండ్రిలో పుట్టి 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు, ఆయనకు దారి చూపిన కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్‌డ్రే, చిన్న చట్రంలోనే గోదావరి ప్రాంతాన్ని పట్టారు, మైళ్ల పొడవు అక్కర్లేకపోయింది. నిజమే. రాజమండ్రిలో దామెర్ల పేరు మీదున్న చిత్రశాలకు వెళ్లినవాళ్లెవరూ వెడల్పు చాల్లేదని అనరు. కానీ చిత్రకారుడు ఎంచుకుంటాడు. ఒక కొండ, ఒక వెలుగు, ఒక ఒడ్డు చాలు ఆయనకు. పనోరమా తీసేవాడు ఎంచుకోకూడదు. అందమైన రేవు పక్కనే కూలిన గట్టునూ, ఇసుక తవ్వకపు గుంటనూ, చెత్త పారబోసిన చోటునూ అంతే శ్రద్ధగా తీయాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి పోటీ కావు. ఒకదాని పనిని ఇంకొకటి చేయలేదు కూడా.

ఉపగ్రహాలూ డ్రోనులూ వచ్చాక పడవలో పోయి గట్టు ఫొటోలు తీయడం ఎందుకని అడిగేవాళ్లకు మొదట చెప్పాల్సింది, ఉపగ్రహం చేసేది కూడా ఈ పనే అని. 1988 మార్చిలో ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఏ లోని కెమెరాలు దేశాన్ని ఒక్క క్లిక్కుతో తీయలేదు. 2,048 బిందువుల ఒక్క వరసతో నేలను చూస్తూ, ముందుకు సాగుతూ, వరస కింద వరస పేర్చుకుంటూ పోయాయి. అది ఆకాశంలో ట్రైప్ పద్ధతి. దాని విలువ గోదావరికి బాగా తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1976 నుంచి 2001 దాకా తీసిన ఉపగ్రహ చిత్రాలను పోల్చి, ఈ డెల్టా సముద్రపుటంచున సుమారు 1,800 హెక్టార్ల నేల నికరంగా పోయిందని, ఎగువ ఆనకట్టల వల్ల ఒండ్రు రావడం తగ్గడమే దీనికి ముఖ్య కారణమని 2004లో ప్రకటించారు. పడవ ఎక్కినవాడు ఈ లెక్క చెప్పలేడు. కానీ పై నుంచి చూసేదానికి నిలువు తెలియదు. ఏటిగట్టు కోసుకుపోతే ఎంత ఎత్తున కోసుకుపోయింది, రేవు మెట్లలో ఎన్ని మిగిలాయి, 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద ఏ గోడ మీద గుర్తు వదిలింది, 1996 నవంబరు 6 తుపానుకు పడిపోయిన కొబ్బరితోటల్లో ఏవి మళ్లీ లేచాయి, ఇవన్నీ గట్టు ముఖం మీద రాసి ఉంటాయి. ముఖాన్ని చదవాలంటే ఎదురుగానే నిలబడాలి, ఎదురుగా ఉంటూనే కదలాలి.

పోయినవి చాలానే పోయాయి. కాటన్ ఆనకట్ట స్థానంలో 1982 నాటికి బ్యారేజీ వచ్చింది. పాత గోడను నాలుగు భాగాలుగా, లంకలతో సహా, రెండు వైపులా వరసగా తీసిన పనోరమా ఉంటే ఆ కట్టడం తీరు ఈనాటి విద్యార్థికి చేత్తో తాకినంతగా తెలిసేది. దాదాపు 500 మైళ్ల కాలవల్లో సాగిన పడవల రాకపోకలు రోడ్ల ధాటికి ఆగిపోయాయి. ఆ రేవులు ఎలా ఉండేవో విడివిడి ఫొటోల్లో కనిపిస్తుంది కానీ ఒకదాని తర్వాత ఒకటిగా కనిపించదు. హేవ్‌లాక్ వంతెన 1997లో రైళ్లకు సెలవిచ్చింది. ఇప్పుడు అన్నిటికన్నా తొందరగా మారబోతున్నది పాపికొండల దారి. 2021 జూన్‌లో గోదావరి ప్రవాహాన్ని పోలవరం స్పిల్‌వే మీదికి మళ్లించారు. ప్రాజెక్టు పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి నీరు నిలబడితే దేవీపట్నం వైపు ఊళ్లూ, రేవులూ, కొండల పాదాలూ, లాంచీ మీది నుంచి తరతరాలు చూసిన గట్టూ నీటి కింద ఉంటాయి. ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది ఇక్కడి వాదన కాదు. నీరు నిలిచాక మాత్రం ఆ గట్టును ఏ ఉపగ్రహమూ చూపించలేదు.

కాబట్టి ఈ డెల్టాలో కెమెరా పట్టినవాళ్లకు ఒక విన్నపం. పాపికొండల నుంచి ధవళేశ్వరం దాకా, అక్కడి నుంచి వసిష్ఠ వెంట అంతర్వేదికీ, గౌతమి వెంట యానాం మీదుగా సముద్రానికీ, రెండు గట్లనూ వరసగా తీయండి. తూర్పు చూసే గట్టును ఉదయం, పడమర చూసే గట్టును సాయంత్రం తీయండి. కలిపిన బొమ్మతో పాటు కలపని ముక్కల్నీ తేదీలతో సహా దాచి, ఒక ప్రతిని రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికీ, ఒకటి ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికీ ఇవ్వండి. ఇళ్లలో, మూతపడిన స్టూడియోల్లో పాత లాంచీ ప్రయాణాల నెగెటివ్‌లు ఉన్నవాళ్లు వాటిని పారేయకండి. వరస దొరికితే అతకవచ్చు. పోలవరం ఎగువ భాగంతో మొదలుపెట్టండి, ఎందుకంటే మిగతా గోదావరికి ఇంకా కొంత వ్యవధి ఉంది, దానికి లేదు.